బండి వెనుక దీపము
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



ఈ వేదికపై నిలుచువారు సాధారణముగా సాహిత్యమును గూర్చియో, విద్యావిధానమును గూర్చియో ప్రసంగింతురు. నేను చదివినది తక్కువ. ముప్పది యేండ్లకు పైగా మోటారు బండ్ల దీపములును తీగెలును బాగుచేయుటయే నా వృత్తి. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, "అయ్యా, నాకు తెలిసినది ట్రాలీ వెనుక ఎర్రలైటు ఒక్కటే" అంటిని. "అదే చెప్పండి. మన పిల్లలు సాయంకాలం సైకిళ్ల మీద వచ్చేది ఆ ట్రాలీల వెనుకనే గదా" అని వారనిరి. ఆ మాట నా నోరు మూయించినది. అందుచేత వచ్చితిని.

మన భంజనగర్ నుండి ఆస్కా మీదుగా బరంపురము పోవు దారిని ఎరుగనివారు ఈ సభలో లేరు. మన పెద్దలు ఈ ఊరిని రస్సెల్‌కొండ యని పిలిచిన దినములలో ఆ దారిని ఎడ్లబండ్లు పోయెడివి. బండి యిరుసుకు ఒక లాంతరు వ్రేలాడుచుండెడిది. నేడు ధాన్యము, చెరకు, ఇటుకలు, ఇసుక అన్నియు ట్రాక్టరు ట్రాలీల మీదనే. ట్రాక్టరుకు ముందు రెండు పెద్ద దీపములు ఉండును గనుక నడుపువానికి చీకటి తెలియదు. వెనుక వచ్చువానికే అది తెలియును. మార్గశిర పుష్య మాసములలో ప్రొద్దు త్వరగా క్రుంకును. పొలముల మీది మంచు రోడ్డు మీదికి దిగును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు మోటారు సైకిలు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు కదలును. ఎదుట ఏదో ఉన్నదని కన్ను గ్రహించి, చేయి బ్రేకును పట్టునప్పటికే రెండు ట్రాలీల పొడవు మించిన దూరము గడచిపోవును.

నేను చెప్పబోవునది నా తప్పును గూర్చిన కథ. దానిని ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు.

పదునైదు సంవత్సరముల క్రిందట మా దూరపు బంధువు ఒకాయన గోపాలపురము వైపు సముద్రతీరమున ఒక పాత ఫైబరు పడవను కొనెను. దానిని ఇచ్చటి జలాశయమునకు తెచ్చి చేపలు పట్టించవలెనని ఆయన సంకల్పము. అమెరికా మొదలగు దేశములలో పడవలను మోయుటకే ప్రత్యేకమైన ట్రైలరులు కలవు. కారు వెనుక తగిలించుకొని చెరువు గట్టుకు పోయి, ట్రైలరును నీటిలోనికే వెనుకకు దింపి, పడవను తేల్చి వత్తురు. మనకు అట్టివి ఎక్కడివి? ట్రాక్టరు ట్రాలీకి ప్రక్క పలకలు ఊడదీసి, అడుగున దుంగలును పాత టైర్లును పరచి, పడవను దానిపై నుంచి త్రాళ్లతో బిగించిరి. పడవ ట్రాలీ కంటె పొడవు. దాని తోక వెనుకకు చాచుకొని యున్నందున ట్రాలీకి గల ఎర్రదీపములు దాని క్రింద మరుగుపడినవి.

"మామా, ఇట్లా పోతే ప్రమాదం. పడవ తోకకు లైట్లు కట్టాలి" అంటిని. ఆయన ఒప్పుకొనెను. ఒక కొయ్యపలకకు రెండు దీపపు హోల్డరులు బిగించి, తీగెలు లాగి, పలకను పడవ తోకకు కట్టితిని. ఈ యాలోచన మంచిదే. పడవలు మోయువారు అనేక దేశములలో ఇట్టి పలకను వాడుదురు. తప్పు అచ్చట లేదు. కొయ్యలో విద్యుత్తు పారదు గనుక ఆ పలకనుండి ఎర్తు తీగను ట్రాలీకి తేవలెను. తెచ్చితిని. దానిని ట్రాలీ చట్రమునకు గల ఒక బోల్టు క్రింద బిగించితిని. బోల్టు చుట్టును రంగు పూసియుండెను. ఆ రంగును గీకలేదు. ప్రొద్దు క్రుంకుచున్నది, ఆయన తొందర పెట్టుచుండెను, లైటు స్విచ్చి వేసి చూడగా రెండు దీపములును వెలిగినవి. చాలుననుకొంటిని.

బరంపురము దాటితిమి, ఆస్కా దాటితిమి. నేను ట్రాక్టరు మీదనే కూర్చుండి వచ్చితిని. ఒక మలుపు వద్ద పశువులు అడ్డము రాగా డ్రైవరు బ్రేకు త్రొక్కెను. వెనుక పెద్ద చప్పుడు. దిగి చూడగా ఒక యువకుడు స్కూటరుతో వచ్చి పడవ తోకకు కొట్టుకొని పడియుండెను. కంఠము క్రింది ఎముక విరిగినది, మోకాలు చితికినది. అతడు మూలుగుచునే, "లైటు చూసుకుంటూనే వస్తున్నాను. అది ఆరిపోయింది" అనెను. మేమందరము వెనుకకు తిరిగి చూచితిమి. రెండు దీపములును నిశ్చలముగా వెలుగుచున్నవి! చేరిన నలుగురును అతనినే నిందించిరి. అతివేగముగా వచ్చి అబద్ధమాడుచున్నాడనిరి. నేనును నోరెత్తలేదు. నేను కట్టిన దీపములు నా కన్నుల యెదుట వెలుగుచుండగా అతని మాట ఎట్లు నమ్ముదును?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి పోయి, లైటు వేసి, డ్రైవరును బ్రేకు త్రొక్కుమని చెప్పి, నేను వెనుక నిలువబడితిని. అతడు బ్రేకు త్రొక్కెను. రెండు దీపములును ఆరిపోయెను. విడిచెను. వెలిగెను. మరల త్రొక్కెను. మరల ఆరెను.

ఆ పిల్లవాడు చెప్పినది అక్షరాల నిజము.

ఇది ఎట్లు జరిగినదో చెప్పెదను. పై తరగతులు చదువు పిల్లలకు ఇది భౌతికశాస్త్రములోని చిన్న లెక్క. మనకు కొంచెము ఓపిక కావలెను. వెనుక దీపములో తరచుగా ఒకే బల్బునందు రెండు తంతువులు ఉండును. 5 వాట్ల తంతువు రాత్రి ఎల్లప్పుడు వెలుగు టెయిల్ లైటునకు, 21 వాట్ల తంతువు బ్రేకు లైటునకు. ఒక్కొక్క తంతువునకు ఒక చివర తన తన తీగ వచ్చి చేరును. రెండవ చివర రెండింటికిని ఉమ్మడి. అది బల్బు యొక్క ఇత్తడి తొడుగు. తొడుగునుండి విద్యుత్తు ఎర్తు ద్వారా బ్యాటరీకి తిరిగి పోవలెను. రంగు మీద బిగించిన నా బోల్టు, కుదుపులకు వదలి, ఆ దారిని మూసివేసినది.

దారి మూసిన నీరు మరియొక కాలువను వెదకినట్లు, విద్యుత్తును వెదకును. టెయిల్ తీగ ద్వారా వచ్చిన విద్యుత్తు 5 వాట్ల తంతువును దాటి, ఉమ్మడి తొడుగునకు వచ్చి, ఎర్తు లేనందున 21 వాట్ల తంతువు గుండ వెనుకకు పోయి, బ్రేకు తీగను పట్టుకొని, ట్రాక్టరుకు గల బ్రేకు బల్బు ద్వారా భూమిని చేరినది. ఆ పెద్ద తంతువుల నిరోధము తక్కువ గనుక చిన్న తంతువు ఇంచుమించు పూర్తిగానే వెలిగినది. చూచువానికి లోపము కనబడదు. బ్రేకు త్రొక్కగానే బ్రేకు తీగలోనికిని 12 వోల్టులు వచ్చును. అప్పుడు రెండు వైపులను ఒకే వోల్టేజి. సమమైన మట్టముల నడుమ నీరు పారనట్లు, విద్యుత్తు పారదు. దీపము ఆరును. ఎర్రకాంతి రెండింతలు కావలసిన క్షణమున చీకటి కమ్మును.

ఆ యువకుని చూచుటకు ఆసుపత్రికి పోయితిని. అతని తండ్రి ఎదురుగా, "మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదండీ, తప్పు నాది" అంటిని. ఆయన చాలసేపు ఏమియు అనలేదు. తరువాత, "ఈ మాట నిన్న రాత్రి రోడ్డు మీద చెప్పవలసింది, బాబూ" అనెను. అతడు కోలుకొనెను. నడకలో కొంచెము కుంటు మిగిలినది.

ఇక లోపమును వెదకు పద్ధతి. దీపము వెలుగనప్పుడు మన షెడ్లలో మొదట చేయు పని బల్బు మార్చుట. అది వెలుగకపోయిన తీగ మార్చుదురు. అదియు కాకపోయిన స్విచ్చి. ఇట్లు డబ్బు పోవును, లోపము అట్లే యుండును. నేను నేర్చుకొన్న మొదటి సంగతి ఏమనగా, లోపము ట్రాక్టరులో ఉన్నదా, ట్రాలీలో ఉన్నదా అని ముందు తేల్చుకొనవలెను. ట్రాలీ ప్లగ్గును ఊడదీసి, ట్రాక్టరు సాకెట్టులో టెస్టు లాంపు పెట్టి చూడుడు. టెస్టు లాంపు అనగా మరేమియు కాదు, ఒక 12 వోల్టుల బల్బునకు రెండు తీగెలు అతికించినది, ఇంటిలోనే చేసికొనవచ్చును. అచ్చట వెలిగినచో ట్రాక్టరు నిర్దోషి. అప్పుడు ఒక బ్యాటరీని తెచ్చి నేరుగా ట్రాలీ ప్లగ్గునకు తగిలించి, ఒక్కొక్క దీపమునే పరీక్షింపుడు.

రెండవది ఎర్తు. నా అనుభవమున ట్రాలీ దీపముల తగవులలో సగమునకు పైగా ఇచ్చటనే తేలును. బ్యాటరీ యొక్క ఋణధ్రువమునుండి ఒక పొడవైన తీగను తెచ్చి దీపము తొడుగునకు తాకించుడు. మసకగా ఉన్న దీపము తళుక్కుమన్నచో తీగ, బల్బు, స్విచ్చి అన్నియు బాగుగానే యున్నవి, ఎర్తే చెడినది. కొందరు ఎర్తు తీగయే వేయక, ట్రాలీని తగిలించు కొక్కెమునే నమ్ముకొందురు. కొక్కెమునకు గ్రీజు పూయుదురు, గోతిలో పడినప్పుడెల్ల అది ఎగిరిపడును. గ్రీజు గుండ విద్యుత్తు సరిగా పారునా? ప్లగ్గులోనే ప్రత్యేకముగా ఎర్తు తీగ యుండవలెను. దాని చివరను చట్రమున రంగు గీకి, ఇనుము మెరయునట్లు గరుకు కాగితముతో రుద్ది, బిగించి, పైన వాసెలీను పూయవలెను.

మీటరు పెట్టి చూచి "12 వోల్టులు వచ్చుచున్నవి గదా" అని మోసపోవువారు కలరు. నేనును మోసపోతిని. దీపము వెలుగనప్పుడు చిలుము పట్టిన అతుకులో కూడ మీటరు 12 చూపును. భారము పడినప్పుడే దాని గుట్టు బయటపడును. రెండు బ్రేకు బల్బులు కలిసి 3.5 ఆంపియర్లు తీసికొనును. ఎర్తులో ఒక్క ఓము నిరోధము చేరినచో బల్బులకు సుమారు 9 వోల్టులే మిగులును. వోల్టేజి తగ్గినది నాలుగవ వంతే యైనను కాంతి సగము కంటె తక్కువకు పడిపోవును. తంతువు యొక్క స్వభావము అట్టిది. కావున దీపము వేసియుంచియే కొలువవలెను.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో దానికి బదులు లావు తీగయో, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితమో పెట్టువారిని చేతులు జోడించి వేడుకొనుచున్నాను, ఆ పని చేయకుడు. ఫ్యూజు పోవుట రోగము కాదు. రోగమున్నదని చెప్పు నాడి. దానిని నోరు నొక్కినచో తీగ కాలును, గడ్డి బండియైన సర్వము కాలును. దీనికి ఒక చక్కని ఉపాయము కలదు. ఫ్యూజు ఉండవలసిన చోట 21 వాట్ల బల్బును తగిలించి, ట్రాలీ దీపములన్నిటిని ఊడదీయుడు. ఎచ్చటనో తీగ ఇనుమును తాకుచున్నంతసేపు ఆ బల్బు పూర్తిగా వెలుగును. తీగెను అంగుళమంగుళము కదలించుచు పొండు. ఎచ్చట కదలించగా బల్బు ఆరునో, అచ్చటనే గాయమున్నది. అది తరచుగా చట్రపు రంధ్రముగుండ తీగ పోవుచోట, రబ్బరు వాషరు లేక, ఇనుపయంచు కోసినదై యుండును.

తీగల రంగులను గూర్చి ఒక మాట. ఐరోపాలో వాడుకలో నున్న ఏడు కడ్డీల ప్లగ్గునందు తెలుపు ఎర్తు, పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు, గోధుమరంగును నలుపును కుడి యెడమల టెయిల్ దీపములు. అమెరికాలో చిన్న ట్రైలరులకు నాలుగు తీగలే. అచ్చటను తెలుపే ఎర్తు. మన షెడ్లలో ఆ పూట ఏ రంగు తీగ చేతికి దొరికిన అదే వేయుదురు. మీ ట్రాలీకి ఏ రంగు దేనికో ఒక కాగితముపై తెలుగులో వ్రాసి, టూల్ పెట్టె మూతకు లోపల అంటించుడు. తరువాత బాగుచేయువాడు మీకు మ్రొక్కును.

సముద్రతీరమునుండియు చిలికా వైపునుండియు వచ్చు బండ్ల సంగతి వేరు. ఉప్పుగాలి అతుకులలో దూరి రాగిని పచ్చని చిలుముగా మార్చును. తీగ పైకి నున్నగా కనబడును. ఒలిచి చూచిన లోపల నల్లబడియుండును. అట్టి తీగను మెలిపెట్టి టేపు చుట్టుట వ్యర్థము. మెరయు రాగి కనబడువరకు కోసివేసి, క్రొత్త తీగ కలిపి, తడి చొరకుండ అతుకును మూయవలెను. పడవను దింపుటకు ట్రాలీని నీటిలోనికి త్రోయువారు ముందుగా దీపముల ప్లగ్గును ఊడదీయవలెను. వెలుగుచున్న దీపము లోపలి గాలి వేడెక్కియుండును. చన్నీట మునిగినప్పుడు ఆ గాలి సంకోచించి, అంచులలోని సందులగుండ నీటిని లోనికి పీల్చుకొనును. వేడి బల్బు పగులుటయు కలదు. మా బంధువు పడవ జలాశయములో దిగిన దినమున ఆ ప్లగ్గు ఊడదీసినది నేనే. అప్పటికి బుద్ధి వచ్చియుండెను. ఈ కాలపు ఎల్‌ఈడీ దీపములు మూసియున్నవి గనుక నీటికి ఓర్చును, విద్యుత్తును తక్కువ తీసికొనును, మంచివే. కాని వాటికిని ఎర్తు కావలెను. ఆ తీగకు చిలుము పట్టకుండ ఏ కంపెనీయు వరమీయలేదు.

తీగెతో పనిలేని రక్షణ ఒకటి కలదు. ఎర్రని రిఫ్లెక్టరులు, కాంతిని తిరిగి కొట్టు టేపు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో రిఫ్లెక్టరుల ప్రసక్తి కలదు. నియమము లేకపోయినను పెట్టుకొనదగినవి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటిన తరువాతి దినములు మీకు జ్ఞాపకమున్నవి గదా. ఊళ్లకు ఊళ్లు విద్యుత్తు లేక చీకటిలో నుండెను. పడిన చెట్లను మోయు ట్రాలీలు రాత్రింబగళ్లు తిరిగినవి. ఆ వారములో నేను బాగుచేసిన దీపములకంటె అంటించిన టేపు ముక్కలే ఎక్కువ. అయితే ఒక హెచ్చరిక. టేపు తనంత తాను వెలుగదు. వెనుకవాని దీపము దానిపై పడిననే మెరయును. సైకిలుపై వచ్చు మన పిల్లవానికి దీపమే లేకపోయిన, ఆ టేపు అతనికి కనబడదు. సైకిలు వెనుక రిఫ్లెక్టరు ఉన్నదా అని ఈ సాయంకాలమే చూచుకొనుడు. బురద కప్పియున్నచో తుడువుడు.

పిల్లలు ఈ పనులు నేర్చుకొనవచ్చునా యని ఒక తల్లిగారు ఇందాక అడిగిరి. తప్పక నేర్చుకొనవచ్చును. 12 వోల్టులు మనిషిని పట్టుకొని కొట్టవు. కాని బ్యాటరీ రెండు ధ్రువములకు నడుమ స్పానరు పడినచో అది ఎర్రగా కాలును, నిప్పురవ్వలు లేచును; ఛార్జి అగు బ్యాటరీనుండి వచ్చు హైడ్రోజను వాయువు అంటుకొనును. కావున పని ఆరంభించుటకు ముందు ఎర్తు తీగను మొదట ఊడదీయవలెను, పని ముగిసిన పిమ్మట దానిని చివర బిగింపవలెను. ఎందుకనగా ఎర్తు ఊడియున్నప్పుడు స్పానరు జారి చట్రమునకు తగిలినను ఏమియు కాదు. ఉంగరములు, కడియములు తీసి పెట్టించుడు.

మాటలతో చెప్పినది సరిగా మనసుకు ఎక్కకపోవచ్చును. పాఠశాల ప్రాంగణములో వేపచెట్టు క్రింద ఒక ట్రాలీ నిలిపియున్నది. దాని ఎర్తు తీగను నేనే ఉదయమున వదులుచేసి యుంచితిని. సభ ముగియగానే, చీకటి పడకముందే, అందరును అచ్చటికి రండు. బ్రేకు త్రొక్కుటకు ఒకరు కావలెను, వెనుక నిలువబడి చూచుటకు ఒకరు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దరు ఇదివరకే పేర్లిచ్చిరి. స్పానరును గరుకు కాగితమును నేను తెచ్చితిని.